బల్బు వెలగకపోతే కరెంటు లేనట్టేనా

దివిసీమలో నేను పనిచేసిన హైస్కూలుకి ఒక తండ్రి వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "బల్బు వెలగకపోతే కరెంటు లేనట్టేనని మీరు పిల్లలకి చెప్పారా మాస్టారూ?" అని. చెప్పాను. క్లాసంతా విన్నది. కానీ ఆయన అడిగినప్పుడు నేను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. బల్ల మీదున్న గ్లోబు వైపు చూస్తూ కూర్చున్నాను. నేను నోరు విప్పకపోవడం వల్ల ఆయన కూతురు, పదో తరగతి పిల్ల, తనది కాని తప్పుని ఇరవయ్యేళ్లు మోసింది.

గొంతు పాడవడంతో గడువుకి ముందే ఉద్యోగం మానేసిన భౌతికశాస్త్రం మాస్టారిని నేను. ఈమధ్యే ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అంది. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాస్తే ఎవరికీ పనికిరాదు. అందుకని ఈ ఒక్క సంగతీ, దాని చుట్టూ నేను నేర్చుకున్నదీ రాస్తున్నాను. మిగతా అనుభవాలన్నీ ఎలాగూ దీని దగ్గరికే వచ్చి ఆగుతాయి.

తాళం వేసిన బీరువా

నా మొదటి పోస్టింగు గుడివాడ పక్కన ఒక పల్లెటూళ్లో. చేరిన రోజే ల్యాబు ఎక్కడని అడిగితే హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూము మూలనున్న ఇనప బీరువా చూపించారు.

"అదే ల్యాబు. తాళం నా దగ్గరుంటుంది."

"ఒకసారి ఇస్తారా అండీ? పిల్లలకి పట్టకం చూపిద్దామని."

"పగిలితే?"

"పగలదండీ, జాగ్రత్తగా చూసుకుంటాను."

"పగలదని మీరంటున్నారు. నేనొచ్చినప్పటి నుంచి ఒక్కటి కూడా పగలకుండా నేను కాపాడుకొచ్చాను. ఎవరి మాట నమ్మాలి?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆడిట్‌కి భయపడే మనిషి. ఆయన రిటైరయ్యాక బీరువా తెరిచాం. అయస్కాంతాలు గుండుసూదిని కూడా పట్టలేకపోయాయి. కటకాలు బూజు పట్టి మసకబారాయి. ఒక్క వస్తువు పగల్లేదు, ఒక్క వస్తువు పనిచెయ్యలేదు. ఇంద్రధనుస్సు రంగుల పాఠాన్ని నల్లబల్ల మీద తెల్ల సుద్దముక్కతో గీసి చెప్పిన ఆ రెండేళ్లూ నాకు సిగ్గుగానే ఉండేవి.

ఆరోజే నిర్ణయించుకున్నాను. బీరువాతో పని లేకుండా అన్నీ చూపిస్తాను అని. సైకిలు పంపు, గాజు గ్లాసు, పెళ్లివారి దగ్గర అడిగి తెచ్చిన లైట్ల దండ, దేన్నైనా క్లాసులోకి పట్టుకెళ్లేవాణ్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నాకు "చూపించే మాస్టారు" అని పేరు వచ్చింది. ఆ పేరంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. కొత్తగా చేరినవాళ్లకి చెప్తున్నాను, చూపించి చెప్పడమే మన ఉద్యోగం, అందులో రెండో మాట లేదు. కానీ చప్పట్ల రుచి మరిగాక, తర్వాతి వస్తువు ఎంచుకునేటప్పుడు పిల్లవాడికి ఏం అర్థమవుతుంది అని కాక, ఎంత గట్టిగా చప్పట్లు కొడతారు అని ఆలోచిస్తాం. నేను ఆలోచించాను.

బోరింగు దగ్గర పాఠం

అక్కడి నుంచి దివిసీమకి బదిలీ అయింది. ఆ రోజుల్లో గాలివాన వస్తే చాలు, స్తంభాల మీద కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగేది. లైన్‌మేన్ వచ్చేదాకా జనం చీకట్లో కూర్చునేవాళ్లు కారు. "ఎర్తు పెట్టుకునేవాళ్లు." అంటే బల్బుకి ఒక పక్క కరెంటు వచ్చే ఫేజు తీగ ఎప్పటిలాగే ఉంచి, రెండో పక్క తీగని తీసుకెళ్లి పెరట్లో బోరింగు పంపుకి కట్టేవాళ్లు. మాది తడి నేల, పైగా ఉప్పు నేల. ఇనప గొట్టం అంత లోతున దిగి ఉంటే కరెంటు నేలలోకి హాయిగా పోతుంది, బల్బు వెలుగుతుంది. తప్పే, ప్రమాదమే, అయినా ఊరందరికీ తెలిసిన కిటుకు.

విద్యుత్తు పాఠం వచ్చినప్పుడు పదో తరగతిని స్కూలు బోరింగు దగ్గరికి తీసుకెళ్లి ఆ కిటుకే చూపించాను. ఆఫీసు గది నుంచి తీగ లాగి, బల్బు హోల్డరుకి కలిపి, రెండో తీగని పంపుకి చుట్టాను. బల్బు వెలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. అక్కడితో ఆగకుండా, పంపు చేతిని పట్టుకుని చూపించాను. "చూశారా, నాకేం కాలేదు!"

ముందు వరసలో ఎస్తేరు రాణి అనే అమ్మాయి నిలబడి ఉంది. తాపీ మేస్త్రీ ఇస్సాకు కూతురు. నా సబ్జెక్టులో క్లాసులో అందరికంటే ముందుండేది, ప్రశ్నలు అడగడంలో కూడా. అప్పుడూ అడిగింది.

"సార్, ఒకవేళ బల్బు వెలగకపోతే?"

"వెలగకపోతే కరెంటు లేనట్టే. వెలగని బల్బు చూసి భయపడతావా ఏంటి?" అన్నాను.

అందరూ నవ్వారు. ఎస్తేరు కూడా నవ్వింది.

ఆ ప్రశ్న నా సర్వీసులో ఒక విద్యార్థి అడిగిన వాటిల్లో అన్నిటికంటే మంచిది. నేనిచ్చిన జవాబు అన్నిటికంటే చెడ్డది. మన పుస్తకంలో కరెంటు అంటే ప్రవాహం. బల్బు వెలగలేదంటే ప్రవాహం లేదు, అంతవరకే నిజం. ఇంట్లో కరెంటు అంటే అర్థం వేరు. "కరెంటు పోయింది" అంటే తీగలో ఏమీ లేదని, ముట్టుకోవచ్చని. ప్రవాహం లేకపోయినా పొటెన్షియల్, అంటే కరెంటుని తోసే ఒత్తిడి, ఉంటుంది. పోవడానికి దారి లేక తీగ చివర కాచుకుని ఉంటుంది. దారి దొరికితే, ఆ దారి మనిషి అయినా సరే, పోతుంది. ఈ నాలుగు వాక్యాలు ఆ రోజు చెప్పి ఉండాల్సింది. నవ్వించాను.

ఇస్సాకు ఇంట్లో జరిగింది

ఆ నెల్లోనే గాలివాన వచ్చింది. న్యూట్రల్ పోయింది. ఇస్సాకు పనికి వెళ్లి ఇంకా రాలేదు. సాయంత్రం వాళ్లమ్మ మరియమ్మ పొయ్యి రాజేస్తుంటే ఎస్తేరు, "నేను లైటు వెలిగిస్తా చూడమ్మా" అని తీగ తీసుకుని వెళ్లి పెరట్లో బోరింగుకి కట్టింది. బల్బు వెలగలేదు.

ఎందుకంటే ఆ బోరింగు పైన మాత్రమే ఇనుము. సిమెంటు గచ్చు కింద నుంచి అంతా ప్లాస్టిక్ గొట్టం. కరెంటు నేలలోకి పోయే దారే లేదు. బల్బు గుండా వచ్చిన ఫేజు పంపు అంతటా కాచుకుని ఉంది.

"ఇక్కడ కరెంటు రావట్లేదమ్మా," అని ఎస్తేరు తీగ విప్పకుండానే లోపలికి వచ్చి, స్కూల్లో సార్ ఏం చేశారో గుర్తు తెచ్చుకుంటూ హోల్డరు చూస్తోంది. మరియమ్మ బిందె తీసుకుని, తడికాళ్లతో వెళ్లి పంపు పట్టుకుంది.

కేక వినగానే ఎస్తేరు తల్లి దగ్గరికి పరుగెత్తలేదు. మీటరు దగ్గరికి పరుగెత్తి ఫ్యూజు పీకేసింది. మనిషిని ముట్టుకోకూడదని, ముందు ఫ్యూజు తియ్యాలని పాఠంలో నేనే చెప్పాను, అది కూడా ఆ పిల్ల గుర్తుపెట్టుకుంది. మరియమ్మ గచ్చు మీద పడి చెయ్యి విరిగింది. అరచెయ్యి కాలింది. ప్రాణం దక్కింది.

ఎస్తేరు తల్లిని చంపబోయిందని ఊరంతా అన్నారు. తల్లిని బతికించిందని ఒక్కరు కూడా అనలేదు. జరిగింది మర్నాటికే నాకు అంతా తెలుసు. నేనూ అనలేదు.

హెడ్మాస్టరు గారి గదిలో

రెండు రోజుల తర్వాత ఇస్సాకు స్కూలుకి వచ్చాడు. అతను రాకముందే అక్కడి హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "మీరేం మాట్లాడకండి, నేను చూసుకుంటాను. బోరింగు దగ్గర వైర్లు కట్టారని పైవాళ్లకి తెలిస్తే మీ ఉద్యోగానికే ఎసరు" అన్నారు. నాకు అప్పుడు చిన్నపిల్లలు. తల ఊపాను. ఆ చిన్నపిల్లల సంగతి ఇక్కడ రాయడం కూడా ఒక రకంగా సాకే.

"ఏమయ్యా ఇస్సాకూ, మీ ఆవిడకి ఎట్టా ఉంది?" అని హెడ్మాస్టరు గారు అడిగారు.

"బతికిందండి. చెయ్యే ఇరిగింది." అతను నా వైపు తిరిగాడు. "మా పిల్ల అబద్ధం చెప్పదు మాస్టారూ. అందుకని అడుగుతున్నా." అప్పుడు అడిగాడు, నేను మొదట్లో రాసిన ప్రశ్న.

నేను గ్లోబు వైపు చూశాను.

హెడ్మాస్టరు గారు అందుకున్నారు. "మాస్టారు పుస్తకంలో ఉన్నదే చెప్తారయ్యా. బోరింగుకి వైర్లు కట్టమని ఏ పుస్తకంలో ఉంది? ఆడపిల్లకి ఇట్టాంటి పనులేంటి? అదుపులో పెట్టుకో."

గుమ్మం అవతల ఎస్తేరు నిలబడి ఉంది. "సారే కదా..." అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆగిపోయింది.

"అట్టాగేనండి," అన్నాడు ఇస్సాకు. "దాని సంగతి నేను చూసుకుంటానండి." వచ్చినప్పటి నుంచి అతను నిలబడే ఉన్నాడు. గదిలో మూడు కుర్చీలు ఖాళీ. అదే ఊళ్లో ఒక పెద్ద రైతు కూతురికి ఇలా జరిగితే ఆ సంభాషణ కాఫీలతో నడిచేది, ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పి తీరేవాణ్ని. ఇది నాకు అప్పుడే తెలుసు.

ఆ తర్వాత క్లాసులో పిల్లలు ఆ అమ్మాయిని "ఎర్తు రాణి" అని పిలవడం మొదలుపెట్టారు. "ఏమే ఎర్తు రాణీ, నన్ను ముట్టుకోకే, షాకు కొడుతుంది!" నేను క్లాసులోకి వెళ్తూ వినేవాణ్ని. "సైలెన్స్" అనేవాణ్ని. ప్రశ్నలడగడం ఎస్తేరు మానేసింది. పదో తరగతిలో నా సబ్జెక్టులో స్కూల్లో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే. ఎంపీసీ చదువుతానని చెప్తూ ఉండేది, తీరా చూస్తే సీఈసీలో చేరింది. "కరెంటు జోలికి పోకుండా ఉంటే చాలు" అన్నాడట ఇస్సాకు.

ఇంట్లో ఏమంటారు, బళ్లో ఏమంటారు

తర్వాత నేను బందరు వచ్చేశాను. తప్పు ఒప్పుకునే ధైర్యం రాలేదు గానీ, అలాంటిది మళ్లీ చెయ్యకూడదన్న భయం మాత్రం పట్టుకుంది. ఆ భయంలోంచి ఒక పద్ధతి పుట్టింది. నా సర్వీసు మొత్తంలో నేను గట్టిగా చెప్పగలిగిన మంచి పని అదొక్కటే.

ప్రతి పాఠానికీ ముందు బోర్డు మీద నిలువుగా గీత గీసేవాణ్ని. ఒక పక్క "ఇంట్లో", ఒక పక్క "బళ్లో". కరెంటు, పని, బలం, శక్తి, వేడి, బరువు. ఏ మాట వచ్చినా, "ఇంట్లో దీనికి అర్థమేంటి?" అని పిల్లల్నే అడిగేవాణ్ని. వాళ్లు చెప్పింది రాశాకే పుస్తకంలో అర్థం రాసేవాణ్ని. తేడా ఎక్కడుందో వాళ్లే పట్టుకునేవాళ్లు.

"పని" పాఠం రోజు ఒకడు లేచాడు. వాళ్ల నాన్న ముదినేపల్లి వైపు చేపల చెరువు కాపలాదారు.

"సార్, మా నాన్న తెల్లార్లూ గట్టు మీద కూర్చుంటాడు. వస్తువు కదలకపోతే పని సున్నా అన్నారు కదా?"

"అవున్రా. బళ్లో లెక్క ప్రకారం సున్నా."

"మరి జీతం ఎందుకిస్తున్నారు సార్?"

అటుగా వెళ్తున్న హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలో ఆగి, "గట్టిగా అనకు నాయనా, నాకు కూడా ఆపేస్తారు" అన్నారు. క్లాసు పగలబడి నవ్వింది. ఈసారి ఎవరూ ఎవర్నీ చూసి నవ్వలేదు. పైగా ఆ కుర్రాడు జీవితంలో పని నిర్వచనం మర్చిపోడు.

ఆ హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. ఆవిడ అసెంబ్లీలో అప్పుడప్పుడు, "నిన్న నేను చెప్పింది తప్పు, సరిదిద్దుకుంటున్నాను" అని అందరి ముందూ చెప్పేసేవారు. మొదటిసారి విన్నప్పుడు పిల్లలు లెక్కచెయ్యరేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ మాటకే ఎక్కువ విలువ ఉండేది. నేను కూడా చిన్న చిన్న తప్పులు అలా ఒప్పుకోవడం మొదలుపెట్టాను. లెక్కల్లో పొరపాట్లు, గుర్తుల్లో పొరపాట్లు. పెద్దది మాత్రం లోపలే ఉండిపోయింది.

మొవ్వ పోస్టాఫీసు

ఉద్యోగం మానేశాక మా ఆవిడ వాళ్ల ఊరు, మొవ్వ దగ్గర స్థిరపడ్డాం. కిందటేడు ఒక పార్సిలు పంపించడానికి పోస్టాఫీసుకి వెళ్లాను. కౌంటరులో ఉన్నావిడ పార్సిలు తూకం వేస్తూ తలెత్తి చూసింది.

"సార్! మీరా? గుర్తుపట్టారా నన్ను?"

గుర్తుపట్టాను.

"ఎర్తు రాణిని సార్," అని నవ్వింది.

పక్క కౌంటరు ఆయన, "అదేం పేరండీ ఎస్తేరు గారూ?" అన్నాడు.

"చిన్నప్పుడు మా అమ్మని కరెంటు పెట్టి చంపబోయానండీ. అందుకని." నవ్వుతూనే చెప్పింది. చాలాసార్లు చెప్పి అలవాటైన మాటలా చెప్పింది.

నా వెనక ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లని ముందుకు పంపి, ఖాళీ అయ్యేదాకా నిలబడి, "ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారామ్మా?" అని అడిగాను.

"చర్చి నుంచి వచ్చాక ఉంటారు. ఏం సార్?"

"అప్పుడాయన నన్నొకటి అడిగారు. జవాబు చెప్పలేదు."

ముద్ర వేస్తున్న చెయ్యి ఆగింది. "నాకు గుర్తుంది సార్," అంది. "మొదట్లో బాగా గుర్తుండేది. తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చింది. సార్ అలా అని ఉండరేమో, నేనే తప్పుగా విన్నానేమో అని. మా అమ్మాయిని స్విచ్చు కూడా వెయ్యనివ్వను సార్ నేను" అంది.

కొత్తగా చేరే మాస్టార్లు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తెలివైన పిల్ల, తన చెవులతో విన్నదాన్ని తానే నమ్మలేని స్థితికి వచ్చింది. నేను అబద్ధం కూడా ఆడలేదు, ఊరికే కూర్చున్నాను. అంతమాత్రానికే ఇంత పని జరిగింది.

ఇస్సాకు గారి వసారాలో

ఆదివారం దివిసీమ వెళ్లాను. అక్కడ ఏం జరిగిందో రాసేముందు, ఆ తర్వాత సంగతులు రాసేస్తాను.

మరియమ్మ గారు వారం తిరక్కుండా చర్చిలో అందరికీ చెప్పేశారట, "మా పిల్లే నన్ను బతికించింది" అని. ఎస్తేరు వాళ్లింట్లో ఫ్యూజు పోతే ఇప్పుడు తనే వేస్తోంది, పక్కన కూతుర్ని నిలబెట్టుకుని, ఎందుకో ఏమిటో చెప్తూ. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్లకి సందేహాలొస్తే నాకు ఫోను చేస్తుంది. సగం ప్రశ్నలు వెనక నుంచి తల్లి అడిగిస్తున్నవే. "అమ్మా, నువ్వే మాట్లాడొచ్చుగా!" అని ఆ పిల్ల విసుక్కోవడం నాకు వినిపిస్తుంది. మొన్న మండలం టీచర్ల సమావేశంలో నన్ను మాట్లాడమంటే ఈ సంగతంతా చెప్పాను. అయిపోయాక ఇద్దరు కుర్ర మాస్టార్లు విడిగా వచ్చి, తాము క్లాసులో చెప్పిన తప్పులు చెప్పి, రేపే సరిచేస్తామన్నారు. రేపే అన్నారు. అది విని నేను నిశ్చింతగా ఇంటికొచ్చాను.

ఇక ఆ ఆదివారం. వసారాలో ఇస్సాకు గారు, మరియమ్మ గారు, గుమ్మానికి ఆనుకుని ఎస్తేరు. మరియమ్మ గారి మోచెయ్యి సరిగ్గా అతకలేదు, వంకరగానే ఉంది. ఆ చేత్తోనే మజ్జిగ గ్లాసు అందించారు.

నేను మాస్టారిలాగే మొదలుపెట్టాను. స్కూలు బోరింగుకి ఇనప గొట్టమని, వీళ్లదానికి ప్లాస్టిక్ గొట్టమని, ప్రవాహం వేరని, పొటెన్షియల్ వేరని. చెప్తూ పోతున్నాను.

ఇస్సాకు గారి ముఖం మారిపోయింది. "ఆ గొట్టం ఏయించింది నేనే మాస్టారూ. ఇనపదైతే ఉప్పునీళ్లకి తుప్పు పడుతుందని ప్లాస్టిక్‌ది ఏయించా. అంటే తప్పు నాదంటారా?"

"నీదెందుకయ్యా, తడికాళ్లతో ఎళ్లింది నేను," అన్నారు మరియమ్మ గారు.

నా కళ్లముందే ఇద్దరూ తప్పుని పంచుకోవడం మొదలుపెట్టారు.

"సార్," అంది ఎస్తేరు. "పాఠం ఆపండి. చెప్పడానికొచ్చిన మాట చెప్పండి."

లేచి నిలబడ్డాను.

"గొట్టానిది కాదు ఇస్సాకు గారూ. ఆ మాట నేనే చెప్పాను. మీరడిగిన రోజు ఉద్యోగం పోతుందని భయపడి నోరు మూసుకున్నాను. మరియమ్మ గారూ, మీ చెయ్యి విరగడానికి నేను చెప్పిన తప్పు జవాబే కారణం. ఎస్తేరూ, నువ్వు తప్పుగా వినలేదు. నువ్వడిగిన ప్రశ్న సరైంది. ఆ సాయంత్రం ఫ్యూజు పీకి మీ అమ్మని బతికించింది నువ్వు. ఇది నేను అప్పుడే, మీ నాన్న ముందే చెప్పాల్సింది. చెప్పనందుకు నన్ను క్షమించమ్మా."